దోమ మోసే జబ్బులకు టీకా ఎప్పుడు?

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్ళే రోడ్డుమీద రుషికొండ దగ్గర దిగి ఇసుకలో నాలుగడుగులు వేశారంటే, ముందు సముద్రపు గాలి పలకరిస్తుంది. ఆ తర్వాత కొబ్బరిబొండాలు అమ్మేవాళ్ళు పలకరిస్తారు. ఒక వానాకాలం సాయంత్రం అక్కడ బొండాం కొట్టి ఇస్తూ ఒకావిడ అడిగిన ప్రశ్నే ఈ వ్యాసానికి కారణం. నేను డాక్టర్నని నా మిత్రుడు నోరు జారి చెప్పడమే ఆలస్యం, ఆవిడ కత్తి పక్కనపెట్టేసింది.

"మా గుంటడికి డెంగీ వచ్చింది బాబూ. వారం రోజులు ఆస్పత్రిలో వున్నాం. చావు తప్పింది. పోలియోకి చుక్కలేశారు, తట్టుకి సూదేశారు. మరి ఈ దోమ జొరాలకి టీకా నేదేటి బాబూ? మళ్ళీ వస్తే నానేటి సెయ్యాల?"

"మళ్ళీ రాదులే అమ్మా" అనేసి చిల్లర తీసుకుని వచ్చేయవచ్చు. కాని అది నిజం కాదు. డెంగీ మళ్ళీ రావచ్చు. రెండోసారి వచ్చేది మొదటిదానికంటె ప్రమాదకరం కావచ్చు కూడా. టీకా తయారుచేయడం ఇంత కష్టమవడానికీ, ఆ తల్లి భయానికీ కారణం ఒక్కటే. అదేమిటో తెలుసుకుంటే, టీకా కోసం ఎదురుచూసే ఈ రోజుల్లో మన ఇంట్లో మనం ఏం చేయాలో కూడా తెలుస్తుంది.

దోమ ఒకటి కాదు, జబ్బూ ఒకటి కాదు

మొట్టమొదట ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. టీకా దోమకు కాదు, దోమ మోసుకువచ్చే సూక్ష్మజీవికి. ఆ సూక్ష్మజీవులు రకరకాలు. ఒకదానికి వేసిన టీకా ఇంకొకదానికి పనిచేయదు.

మలేరియాను మోసేది ఎనాఫిలిస్ దోమ. అది రాత్రిపూట కుడుతుంది. డెంగీ, చికున్‌గున్యా జ్వరాలను మోసేది ఈడిస్ దోమ. కాళ్ళమీద తెల్ల చారలుంటాయి, పగటిపూట కుడుతుంది. వరిమడుల్లో పెరిగే ఒక జాతి క్యూలెక్స్ దోమ మెదడువాపు జ్వరాన్ని తెస్తుంది. మురుగునీటిలో పెరిగే దాని దాయాది బోదకాలును తెస్తుంది. "మా ఇంట్లో రాత్రి దోమతెర కట్టుకుంటామండీ, మాకు డెంగీ ఎలా వచ్చింది?" అని అడిగేవారికి జవాబు ఇందులోనే వుంది. మీరు కాపలా కాసింది రాత్రి దొంగను. వచ్చినవాడు పట్టపగటి దొంగ!

ఓడవాళ్ళకు తెలిసిన టీకా

దోమ మోసే జబ్బుకు టీకా అసాధ్యమేమీ కాదు. విశాఖ రేవు నుంచి ఆఫ్రికా, దక్షిణ అమెరికా వైపు ఓడలమీద వెళ్ళేవారు మీ ఇంట్లో వుంటే వాళ్ళనే అడగండి. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నట్టు పత్రం చేతిలో లేకపోతే ఆ జబ్బున్న దేశాల రాకపోకలు కుదరవు. ఆ టీకా 1937లో తయారైంది. దాన్ని సాధించిన మాక్స్ టైలర్ అనే శాస్త్రవేత్తకు 1951లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఒక్క మోతాదుతో సాధారణంగా జీవితాంతం రక్షణ వుంటుంది.

ఎల్లో ఫీవర్ మన దేశంలో లేదు. కాని దాన్ని మోసే ఈడిస్ దోమ మన పెరట్లోనే వుంది. అందుకే రేవుల్లో, విమానాశ్రయాల్లో ఆ పత్రంకోసం అంత పట్టుబడతారు. మరి దోమ అదే అయినప్పుడు, ఎల్లో ఫీవర్‌కు ఎనభై ఏళ్ళకు పైబడి టీకా వుంటే డెంగీకి ఎందుకింత ఆలస్యం? ఎల్లో ఫీవర్ వైరస్ ఒక్కటే రకం. డెంగీది నాలుగు రకాలు. ఆ కథ కాస్త ఆగి చెప్పుకుందాం. ముందు మన తెలుగునేలమీద తయారైన ఒక టీకా సంగతి చూద్దాం.

కోలారు రోగి నుంచి హైదరాబాదు టీకా దాకా

పిల్లవాడికి హఠాత్తుగా జ్వరం. మర్నాటికి తలనొప్పి, వాంతులు. ఆ తర్వాత ఫిట్స్, స్పృహ తప్పడం. ఇది జపనీస్ ఎన్‌సెఫలైటిస్, అంటే మెదడువాపు జ్వరం. ఈ వైరస్ పందుల్లో, కొంగజాతి పక్షుల్లో పెరుగుతుంది. వరిమడి దోమ దాన్ని మనిషికి అంటిస్తుంది. వైరస్ సోకిన చాలామందికి ఏమీ కాదు. కాని జబ్బు మెదడుకెక్కినవారిలో నూటికి ఇరవై ముప్ఫైమంది మరణిస్తారు. బతికినవారిలో మూడోవంతు నుంచి సగం మందికి నడకో, మాటో, తెలివో జన్మంతా దెబ్బతినే వుంటుంది.

మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించింది 1955లో, తమిళనాడులోని వెల్లూరు ప్రాంతంలో. చాలాకాలంపాటు మనకున్న టీకా ఎలుకపిల్లల మెదడులో వైరస్‌ను పెంచి తయారుచేసినది. హిమాచల్‌ప్రదేశ్‌లోని కసౌలీలో తయారయ్యేది. అది అందరికీ సరిపడేది కాదు, మోతాదులు కూడా ఎక్కువ. 2005లో ఉత్తరప్రదేశ్‌లోని గోరఖ్‌పూర్ ప్రాంతంలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. వారిలో చాలామంది పసివాళ్ళు. అప్పుడు దేశం కళ్ళు తెరిచింది. 2006 నుంచి చైనాలో తయారైన టీకాను తెప్పించి, జబ్బు ఎక్కువగా వున్న జిల్లాల్లో పిల్లలకు వేశారు.

ఈ లోపల మనవాళ్ళు ఊరికే కూర్చోలేదు. 1980ల మొదట్లో కర్ణాటకలోని కోలారు ప్రాంతంలో, అంటే మన చిత్తూరు జిల్లా పొరుగున, ఈ జబ్బు వచ్చిన ఒక రోగి నుంచి వేరుచేసిన వైరస్‌ను పూనాలోని జాతీయ వైరాలజీ సంస్థ భద్రపరిచింది. దాన్ని హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థకు ఇచ్చింది. ఎలుక మెదడుతో పనిలేకుండా, ప్రయోగశాలలో పెంచిన జీవకణాల్లో ఆ వైరస్‌ను పెంచి, శుద్ధిచేసి, చంపి టీకాగా మార్చారు. చచ్చిన వైరస్ జబ్బు తేలేదు. కాని దాని ముఖం మన ఒంటికి గుర్తుండిపోతుంది. జెన్‌వాక్ అనే ఆ టీకా 2013లో విడుదలైంది. హైదరాబాదులోనే వున్న బయలాజికల్ ఇ సంస్థ కూడా విదేశీ పరిజ్ఞానంతో జీవ్ అనే మరో టీకాను తయారుచేసింది.

లెక్క చూడండి. వైరస్ చేతికి చిక్కింది 1980లలో. టీకా వచ్చింది 2013లో. ముప్ఫై ఏళ్ళు! టీకా అంటే ఒకరోజు తెల్లవారి డాక్టరుగారికి తట్టిన ఆలోచన కాదు.

జబ్బు వున్న జిల్లాల్లో ప్రభుత్వం ఈ టీకాను ఉచితంగా వేస్తుంది. తొమ్మిది నెలలు నిండాక ఒక మోతాదు, పదహారు నుంచి ఇరవైనాలుగు నెలల మధ్య రెండో మోతాదు. మీ జిల్లా ఆ జాబితాలో వుందో లేదో మీ వీధికి వచ్చే ఏ.ఎన్.ఎమ్.ను అడగండి. వుంటే ఒక్క మోతాదుతో ఊరుకోకండి.

ఒక హెచ్చరిక కూడా. మెదడువాపులన్నీ ఇదే జబ్బు కాదు. 2003 వేసవి చివరలో మన రాష్ట్రంలో పిల్లలు గంటల్లో స్పృహ తప్పి చనిపోతూ వుంటే అందరూ ఇదే అనుకున్నారు. పరీక్షలు చేసి చూస్తే అసలు దోషి చాందీపురా అనే మరో వైరస్ అని తేలింది. దాన్ని మోసేది దోమ కాదు, ఇసుక ఈగ అనే చిన్న పురుగు. ఆనాడు లెక్కకు వచ్చిన 329 మంది పిల్లల్లో 183 మంది చనిపోయారు. కనుక "టీకా వేయించాం కదా" అన్న ధీమాతో, ఫిట్స్ వచ్చిన పిల్లవాణ్ణి ఇంట్లో వుంచుకోకూడదు.

మలేరియా: సికిందరాబాదులో మొదలైన కథ

మలేరియా క్రిమి దోమ కడుపులో పెరుగుతుందని లోకానికి తెలిసింది మన సికిందరాబాదులోనే. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు, మలేరియా రోగిని కుట్టిన దోమ పొట్టను సూక్ష్మదర్శినికింద చూసి ఆ క్రిమిని కనిపెట్టాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. కాని మలేరియాకు మొదటి టీకాను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేసింది 2021 అక్టోబరులో. మధ్యన 124 సంవత్సరాలు!

ఇంత ఆలస్యం ఎందుకు? మలేరియా క్రిమి వైరస్ కాదు. వైరస్‌తో పోలిస్తే అది చాలా పెద్ద జీవి, పైగా బహురూపి. దోమ కుట్టగానే ఒక రూపంలో రక్తంలో దిగి, గంట తిరిగేలోపల కాలేయంలో దూరుతుంది. అక్కడ వారం రోజులు మరో రూపంలో పెరుగుతుంది. తర్వాత ఇంకో రూపంలో ఎర్రరక్తకణాల్లోకి వస్తుంది. అప్పుడే మనకు చలీ, వణుకూ. ఒక వేషానికి మన ఒళ్ళు అలవాటుపడేసరికి అది మరో వేషం కడుతుంది. అందుచేత దాన్ని మొదటి గంటలోనే, గుమ్మంలోనే పట్టుకోవాలి. టీకాలు చేసే ప్రయత్నం అదే.

2021లో సిఫార్సు అయిన ఆర్.టి.ఎస్.,ఎస్. టీకా పని 1987లో మొదలైంది. ఆఫ్రికాలోని ఏడు దేశాల్లో వేలాదిమంది పిల్లలమీద పరీక్షించారు. నాలుగు మోతాదులు వేస్తే, నాలుగేళ్ళలో రావలసిన పది మలేరియాల్లో సుమారు నాలుగింటిని ఆపింది. "అంతేనా?" అనకండి. ఏటా లక్షలాది పిల్లలు చనిపోయేచోట అది చిన్న లెక్క కాదు. రెండవది ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం రూపొందించిన ఆర్.21. దాన్ని పూనాలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేస్తుంది. 2023 అక్టోబరులో దానికీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు దొరికింది. మొదటి టీకా తయారీ పరిజ్ఞానాన్ని హైదరాబాదులోని భారత్ బయోటెక్‌కు బదిలీ చేసే ఒప్పందం 2021లో కుదిరింది. సికిందరాబాదులో తెలిసిన రహస్యం తిరిగి తిరిగి మళ్ళీ ఆ పక్కకే వచ్చిందన్నమాట!

అయితే ఈ రెండూ ముఖ్యంగా ఆఫ్రికా పసిపిల్లల కోసం చేసినవి. పైగా ఫాల్సిపరమ్ అనే ఒక్క రకం మలేరియామీదనే పనిచేస్తాయి. అరకు, పాడేరు, చింతపల్లి మన్యంలో ఎక్కువగా ప్రాణాలు తీసేది ఆ రకమే. మైదాన ప్రాంతాల్లో తరచు కనిపించే వైవాక్స్ రకానికి ఇవి పనికిరావు. ఆ రకం క్రిమి కాలేయంలో నెలల తరబడి నిద్రపోయి మళ్ళీ లేస్తుంది. అందుకే వైవాక్స్ మలేరియాకు డాక్టరు పద్నాలుగు రోజుల మాత్రలు రాస్తే, మూడో రోజున జ్వరం తగ్గిందని మానేయకండి. మీరు లేపకపోయినా అది లేస్తుంది.

డెంగీ: తెలిసినవాడనుకుని తలుపు తీస్తే

ఇప్పుడు రుషికొండ తల్లి ప్రశ్నకు వద్దాం. డెంగీ వైరస్ నాలుగు రకాలు. ఒక రకం వచ్చి తగ్గితే దానినుంచి చాలా ఏళ్ళు రక్షణ వుంటుంది. మిగతా మూడింటినుంచి వుండదు. అంతటితో ఆగితే బాధలేదు. రెండోసారి వేరే రకం వచ్చినప్పుడు, మొదటిసారి తయారైన రక్షకపదార్థాలు దాన్ని సగమే గుర్తుపడతాయి. పట్టుకుంటాయి కాని చంపలేవు. పట్టుకున్నదాన్ని తెల్లరక్తకణాల్లోకి చేరుస్తాయి. దొంగను చూసి తెలిసినవాడే అనుకుని, చెయ్యిపట్టుకుని నట్టింట్లోకి తీసుకువచ్చినట్టు! అక్కడ వైరస్ విజృంభిస్తుంది. రెండోసారి డెంగీలో ప్రమాదం ఎక్కువ కావడానికి ఇదొక ముఖ్య కారణం.

టీకా కూడా ఇదే ప్రమాదంలో పడవచ్చు. నాలుగు రకాలమీదా సమానంగా పనిచేయని టీకా వేస్తే, ఎన్నడూ డెంగీ రాని పిల్లవాడికి అది "మొదటి డెంగీ"లా పనిచేస్తుంది. తర్వాత నిజం డెంగీ వస్తే అది రెండోదానిలా విరుచుకుపడవచ్చు. ఇది ఊహ కాదు. డెంగ్‌వాక్సియా అనే టీకాను ఫిలిప్పీన్స్ దేశంలో 2016లో బడిపిల్లలకు వేయడం మొదలుపెట్టారు. ఎనిమిది లక్షలకు పైగా పిల్లలకు వేశారు. అంతకుముందు డెంగీ రానివారికి ఇది వేస్తే తర్వాత జబ్బు తీవ్రం కావచ్చునని 2017 నవంబరులో తయారీదార్లే ప్రకటించారు. కార్యక్రమం ఆగిపోయింది. తల్లిదండ్రులకు అన్ని టీకాలమీదా నమ్మకం సడలింది.

శాస్త్రవేత్తలు తొందరపడకపోవడానికి కారణం ఇప్పుడు మీకు అర్థమైవుంటుంది. కొత్త టీకాను మొదట జంతువులమీద, తర్వాత కొద్దిమంది ఆరోగ్యవంతులమీద, ఆపైన వందలమందిమీద, చివరకు వేలమందిమీద పరీక్షిస్తారు. ఆ చివరి దశలో కొందరికి టీకా, కొందరికి ఉత్తి మందు ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చారో డాక్టరుకూ చెప్పకుండా ఏళ్ళ తరబడి కనిపెట్టి చూస్తారు. డెంగీ విషయంలో ఆ కనిపెట్టుకుని వుండటమే ప్రాణం.

మన దేశంలో ఆ చివరి దశ 2024 ఆగస్టులో రోహ్‌తక్‌లో మొదలైంది. భారత వైద్య పరిశోధనా మండలి, పనేషియా బయోటెక్ సంస్థ కలిసి డెంగీఆల్ అనే ఒకే మోతాదు టీకాను పదివేలమందికి పైగా పెద్దవాళ్ళమీద పరీక్షించడానికి పూనుకున్నాయి. వీరిని రెండేళ్ళపాటు గమనించాలన్నది ఏర్పాటు. జపాను సంస్థ టకేడా తయారుచేసిన క్యూడెంగా అనే మరో టీకాను హైదరాబాదులోని బయలాజికల్ ఇ లో తయారుచేసేందుకు కూడా 2024లోనే ఒప్పందం జరిగింది. కనుక దారి మూసుకుపోలేదు. ఎవరైనా "డెంగీ టీకా వచ్చేసింది" అంటే పరుగెత్తకండి. ఏ వయసువారికి, ముందు డెంగీ వచ్చినవారికా రానివారికా అని డాక్టర్ని అడిగి తెలుసుకుని నిర్ణయించుకోండి.

అంతవరకు మన చేతిలో వున్నది

టీకా లేని జబ్బుకు గతిలేదనుకోకండి. బోదకాలుకు ఈనాటికీ టీకా లేదు. కాని భీమవరంలో పుట్టి అమెరికా వెళ్ళిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం 1940లలో వెలికితీసిన హెట్రజాన్ మందును, ఆ జబ్బున్న ప్రాంతాల్లో ఊరందరిచేతా మింగించి దాన్ని అదుపులోకి తెస్తున్నారు.

మీరు చేయవలసినవి ఇవి:

జ్వరం వచ్చిన మొదటిరోజునే రక్తపరీక్ష చేయించండి. మలేరియా పరీక్ష ప్రభుత్వ ఆరోగ్యకేంద్రాల్లో ఉచితం. మన్యానికి పనిమీదో, విహారానికో వెళ్ళివచ్చిన నెలలోపల జ్వరం వస్తే ఆ సంగతి డాక్టరుకు మీరే ముందు చెప్పండి.

డెంగీ అనుమానం వున్నప్పుడు జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు వేయకండి. రక్తస్రావం ఎక్కువవుతుంది.

ద్రవాలు బాగా తాగించండి. గంజి, మజ్జిగ, ఓ.ఆర్.ఎస్., కొబ్బరినీళ్ళు ఏవైనా సరే. బొప్పాయి ఆకురసం పోస్తున్నాం కదా అని ఆస్పత్రికి వెళ్ళడం మానకండి.

అన్నిటికంటె ముఖ్యం ఇది. డెంగీలో ప్రమాదం వచ్చేది జ్వరం మండిపోతున్నప్పుడు కాదు, తగ్గుతున్నప్పుడు. మూడోరోజు నుంచి ఏడోరోజు దాకా కళ్ళల్లో వత్తులు వేసుకుని చూడండి. విడవని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళనుంచో ముక్కునుంచో రక్తం, చేతులూ కాళ్ళూ చల్లబడటం, మూత్రం తగ్గడం, మగతగా పడివుండటం... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగవద్దు. ఒకసారి డెంగీ వచ్చి తగ్గినవారి విషయంలో మరీ జాగ్రత్త.

వారానికొక రోజు, శుక్రవారమే పెట్టుకోండి, ఇంట్లో నిలవ నీళ్ళన్నీ పారబోయండి. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పదిరోజులు పడుతుంది. మీరు వారం తప్పకపోతే దానికి రెక్కలు రావు. తొట్టె వంపడంతో సరిపెట్టక లోపలి అంచులు పీచుతో రుద్దాలి. ఈడిస్ గుడ్లు నీళ్ళు లేకపోయినా నెలల తరబడి అంచుకు అంటుకుని బతికే వుంటాయి. మేడమీది టాంకీకి మూత, కూలరు, పూలకుండీకింద పళ్ళెం, ఇల్లు కట్టేచోట నిలవ నీళ్ళు ఏవీ మరవకండి. పగలు నిద్రపోయే పసివాళ్ళకు పగలే దోమతెర వేయండి.

ఆ సాయంత్రం ఆవిడకు ఇవన్నీ కొంచెం కొంచెంగా చెప్పాను. మళ్ళీ డెంగీ రావచ్చుననీ, వస్తే ఏం చూసుకోవాలో కూడా దాచకుండా చెప్పాను. ఆవిడ ఏడవలేదు. వేళ్ళు మడిచి గుర్తులు లెక్కపెట్టుకుంది. ఆ తర్వాత నేను ఆవిడ బండి వెనక్కి చూపించాను. వారం రోజులుగా తాగి పారేసిన బొండాలు గుట్టగా పడివున్నాయి. ప్రతిదాంట్లోనూ గుప్పెడు వాననీళ్ళు. ఒకటి తీసి వంచితే నీళ్ళతోబాటు పురుగులు సుడులు తిరుగుతూ ఇసుకలో పడ్డాయి.

"ఇయ్యేనా బాబూ ఆ దోమలు?" అంది.

"దోమ పిల్లలమ్మా."

తర్వాత నెలలో మళ్ళీ రుషికొండ వెళ్ళాను. తాగిన ప్రతి బొండాన్నీ ఆవిడ రెండుగా చీల్చి బోర్లించి పెడుతోంది. పక్క బండివాడిచేత కూడా చీల్పిస్తోంది. వాళ్ళ అబ్బాయి గోనెసంచిలో వేసి కడుతున్నాడు.

టీకా వచ్చినరోజున తప్పక వేయించుకుందాం. ఈలోగా, వచ్చే శుక్రవారం మీ ఇంటి చుట్టూ ఒక్కసారి తిరిగి చూడండి.